చిన్న రంపం... పెద్ద పలక

ప్లైవుడ్ కొట్టుకి ఒక్కరే వెళ్ళి "పద్దెనిమిది ఎం.ఎం. షీటు ఒకటి కావాలండీ" అని అడిగి చూడండి. కొట్టాయన ముందు మీ వెనకాల మగవాళ్ళెవరైనా వస్తున్నారేమోనని గుమ్మం వైపు చూస్తాడు. ఆ తర్వాత "మీ కార్పెంటర్ నంబరివ్వండమ్మా, అతనితో మాట్లాడతాను" అంటాడు. "కోసేది నేనేనండీ" అంటే నవ్వుతాడు. అందులో వెటకారం ఉందని నేననను. పాపం, నిజంగానే అర్థంకాక నవ్వే నవ్వది. షీటంటే ఏమిటో ఆయనకి తెలుసు కదా! ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. ఆ మందంలో బరువు ఇంచుమించు 35 కిలోలు. దాన్ని ఇద్దరు హమాలీలు పట్టుకుని ఆటోట్రాలీలో పెడతారు. ఈ అమ్మాయి దీన్నేం చేస్తుందా అని ఆయన సందేహం.

సందేహం న్యాయమైనదే. కానీ దానికి జవాబు కండబలంలో లేదు. ఏ కోత ముందు, ఏ కోత తర్వాత అన్న వరసలో ఉంది. ఆ సంగతి చెబుదామనే ఈ వ్యాసం.

ఈ మధ్య చాలా ఇళ్ళలో చిన్న చిన్న మిషన్లు కనబడుతున్నాయి. డ్రిల్లింగ్ మిషను సరే, అది మిక్సీలాగా మామూలైపోయింది. వడ్రంగం సరదా ఉన్నవాళ్ళు టేబుల్ సా కూడా కొంటున్నారు. ఇనుప కాళ్ళ మీద చిన్న బల్ల, బల్ల మధ్యలో సన్నటి సందు, ఆ సందులోంచి పైకి తేలిన గుండ్రటి రంపం. మా మామయ్యగారు దీన్ని 'బల్లరంపం' అంటారు. నాకా పేరు నచ్చి నేనూ అదే వాడుతున్నాను. ఆయన రైల్వే వాగన్ వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యారు. విజయవాడలో మా డాబా మీద రేకుల షెడ్డు వేసి, ఆ మిషను కొన్నది ఆయనే. నాకు నేర్పిందీ ఆయనే. చిన్న పనికి ఏ కార్పెంటరూ రానంటున్న ఈ రోజుల్లో, అట్టపెట్టెల్లో మగ్గిపోతున్న నా పుస్తకాలకి ఒక బీరువా... కాదు, తలుపులు లేని అరల స్టాండు చేసుకోవాలన్నది నా కోరిక. డిగ్రీ చదివే రోజుల నుంచి కూడబెట్టిన పుస్తకాలు మరి!

చిక్కల్లా ఎక్కడంటే, బల్లరంపం బల్ల రెండున్నర అడుగులు కూడా ఉండదు. పలకేమో ఎనిమిదడుగులు.

కత్తిపీటా, చాకూ

కోతలో రెండే పద్ధతులు. మన వంటింట్లో రెండూ ఉన్నాయి. కత్తిపీటకి కత్తి కదలదు, కాయనే కత్తి దగ్గరికి తీసుకెళతాం. చాకుతో కోసేటప్పుడు కాయ కదలదు, చాకు కదులుతుంది. బల్లరంపం అచ్చంగా కత్తిపీట. బ్లేడు ఉన్నచోటే తిరుగుతుంది, చెక్కని మనం తోయాలి. చేత్తో పట్టుకుని నడిపే గుండ్రటి రంపం, షాపుల్లో సర్క్యులర్ సా అని అడిగితే ఇస్తారు, అది చాకు.

ఇప్పుడు చెప్పండి, పది కిలోల గుమ్మడికాయని ఎవరైనా ఎత్తుకొచ్చి నిలువునా కత్తిపీట మీద పెడతారా? ముందు నేలమీద పెట్టి పెద్ద కత్తితో బద్దలు చేస్తాం. ఆ బద్దల్ని తర్వాత కత్తిపీట దగ్గరికి తెస్తాం. (గుమ్మడికాయకి మొదటి గాటు మగవాళ్ళే పెట్టాలని మా అమ్మమ్మ పట్టు. ఆయన ఆఫీసు నుంచి వచ్చేదాకా దప్పళం ఆగేది. ఈ ఆచారం వెనక ఏముందో గానీ, ఇవాళ మా ఇంట్లో ఎవరికి తీరిక ఉంటే వాళ్ళే పగలగొడుతున్నారు.)

పెద్ద పలక విషయంలోనూ అంతే. మామయ్యగారు మొదటి రోజే చెప్పారు. "అమ్మాయ్, పలకని మిషను దగ్గరికి మోసుకుపోవద్దు. మిషన్నే పలక దగ్గరికి పట్టుకుపో. పలక చిన్నదయ్యాక అప్పుడు దాన్ని బల్ల మీదకి తీసుకురా."

ఎందుకో తెలుసుకోకపోతే ఈ మాట గాలికి పోతుంది. కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

బల్లరంపానికి కుడిపక్కన, బ్లేడుకి సమాంతరంగా ఒక ఇనుప బద్ద నిలబడి ఉంటుంది. ఫెన్స్ అంటారు. బ్లేడుకీ ఫెన్స్‌కీ మధ్య ఎంత దూరం పెడితే మన ముక్క అంత వెడల్పు వస్తుంది. పలక అంచుని ఫెన్స్‌కి ఆనించి, అలా ఆనించే ముందుకి తోయాలి. మన పలక ఎనిమిదడుగులున్నప్పుడు, కోత మొదట్లో ఆరడుగుల పలక మన వైపు గాల్లో వేలాడుతుంది. కోత చివర్లో అదే ఆరడుగులు అవతలి వైపు వేలాడుతుంది. 35 కిలోల బరువు ఒకవైపు వాలితే రెండోవైపు లేస్తుంది, చిన్నపిల్లల ఊగుడుబల్లలాగా. దాన్ని అణచడానికి మన రెండు చేతులూ చాలవు. ఆ తాపత్రయంలో పలక అంచు ఫెన్స్‌ని వదిలి ఒక వెంట్రుకవాసి పక్కకి తిరుగుతుంది. అసలు ప్రమాదం అక్కడే.

బ్లేడు ముందు వైపు పళ్ళు కిందికి దిగుతూ చెక్కని కోస్తాయి. వెనక వైపు పళ్ళు కిందినుంచి పైకి లేస్తాయి. పలక వంకర తిరిగి ఆ వెనక పళ్ళకి తగిలిందా, అవి దాన్ని పైకెత్తి మన వైపుకే విసిరికొడతాయి. పది అంగుళాల బ్లేడు నిమిషానికి 4,000 సార్లు తిరుగుతోందనుకోండి. పంటి కొన వేగం లెక్క కడితే గంటకి 190 కిలోమీటర్లు వస్తుంది. (లెక్క మా అబ్బాయిది. వాడి ఎనిమిదో తరగతి పుస్తకంలో చుట్టుకొలత పాఠం ఇలా అక్కరకొచ్చింది.) ఆ వేగంతో పలక వచ్చి పొట్టలో తగలడం ఒక ప్రమాదం. అంతకంటే పెద్దది, పలక మీదున్న మన చెయ్యి దానితోపాటు బ్లేడు మీదకి జారిపోవడం. ఇంగ్లీషులో దీన్ని కిక్‌బ్యాక్ అంటారు. పశువు వెనక్కి తన్నినట్టే ఉంటుంది.

అందుకే కంపెనీలు బ్లేడు వెనకాల రివింగ్ నైఫ్ అని ఒక సన్నటి ఇనుప రేకు పెడతాయి. కోత సందులో అది నిలబడి, చెక్క మళ్ళీ మూసుకుపోయి బ్లేడుని బిగించకుండా, వెనక పళ్ళ వైపు తిరగకుండా ఆపుతుంది. బ్లేడు పైన గార్డు ఉంటుంది. విచిత్రం ఏమిటంటే, చాలామంది పెట్టె విప్పగానే మొదట పీకి అటకమీద పడేసేవి ఈ రెండే.

మన ఇంట్లో జరిగే పని

"మేం రంపం పట్టుకోం, మాకెందుకీ గొడవ" అనుకునేవాళ్ళు కూడా ఈ భాగం వదలకండి. కొత్త ఇంటికి కప్‌బోర్డులు చేయించుకోని వాళ్ళెవరు? కార్పెంటర్లు వస్తారు. హాల్లోనే దుకాణం పెడతారు. వాళ్ళలో చాలామంది దగ్గర అసలు టేబుల్ సా ఉండదు. చేతి మిషన్నో, నాలుగంగుళాల మార్బుల్ కట్టర్‌నో తిరగేసి, ఒక ప్లైవుడ్ ముక్కకి కిందినుంచి బిగిస్తారు. పైకి బ్లేడు తేలేలా గాటు పెడతారు. స్విచ్చి వదలకుండా తాడుతో కట్టేస్తారు. గార్డు లేదు, రివింగ్ నైఫ్ లేదు, చటుక్కున ఆపే మార్గం లేదు. ఆ బల్ల మీద ఎనిమిదడుగుల షీటు తోస్తుంటే, అవతల నుంచి పదహారు పదిహేడేళ్ళ కుర్రాడు లాగుతుంటాడు.

మా వీధిలో ఒకరింటికి పనికొచ్చిన మేస్త్రికి ఎడమచేతి చూపుడువేలు సగమే ఉంది. మధ్యవేలికి గోరు లేదు. "ఎలా జరిగిందన్నా?" అని అడిగితే "పెద్ద షీటు తిప్పేసిందమ్మా" అన్నాడు. అంతే, ఇంకో మాట లేదు. ఆ మర్నాడు కూడా అదే రకం బల్ల మీద అలాగే తోస్తున్నాడు. రోజు కూలికి పనిచేసేవాడు సేఫ్టీ గురించి ఆలోచించుకునేంత తీరిక ఎవరిచ్చారు గనక! పని తొందరగా తెమలాలని వెంటపడేది మనమేగా.

అమెరికాలో టేబుల్ సాల వల్ల ఏటా ముప్ఫై వేల మందికి పైగా గాయపడి ఆస్పత్రులకి వెళుతున్నారని అక్కడి ప్రభుత్వ వినియోగదారుల భద్రతా సంస్థ లెక్క. అక్కడే స్టీవ్ గాస్ అనే ఆయన 1999లో ఒక ఉపాయం కనిపెట్టాడు. బ్లేడుకి వేలు తగిలిన మరుక్షణం, అంటే సుమారు 5 మిల్లీసెకన్లలో, అది ఆగిపోతుంది. మన ఒంట్లో విద్యుత్తు ప్రవహించే గుణం ఆధారంగా అది చెక్కనీ చర్మాన్నీ వేరుచేసి గుర్తుపడుతుందట. ఆ మిషన్లు 2004లో అమ్మకానికి వచ్చాయి. మన బజారులో మామూలుగా దొరికే చిన్న మిషన్లలో ఆ ఏర్పాటు ఉండదు. కాబట్టి మన వేళ్ళని మనమే కాచుకోవాలి.

ఇంట్లో పని జరుగుతున్నప్పుడు నేను పాటించే పద్ధతి ఒకటుంది. మేస్త్రీలకి టీ తీసుకెళతాం కదా. మిషను తిరుగుతుంటే గుమ్మంలోనే ఆగిపోతాను. "టీ అన్నా" అని వెనకనుంచి కేకేయను. కోసే మనిషి తల తిప్పడానికి అరక్షణం చాలు. పలక తిరగడానికి అదీ అక్కర్లేదు. పిల్లల్ని ఆ గదిలోకి పోనివ్వను. ఇంకోమాట, పని మొదలుపెట్టేముందే మేస్త్రితో "పెద్ద షీట్లని ముందు కిందపెట్టి రెండు ముక్కలు చేసుకోండి, పది నిమిషాలు ఆలస్యమైనా పర్వాలేదు" అని చెప్పేస్తాను. ఇంటి ఇల్లాలు అలా చెబితే వాళ్ళకీ ధైర్యంగా ఉంటుంది.

కాగితం మీద కోత

ఇక పనిలోకి వద్దాం. షీటు ఇంటికొచ్చింది. ముందు రంపం కాదు, కాగితం తీయండి. జాకెట్టు ముక్క మీద ముందుభాగం, వెనకభాగం, చేతులు ఎలా సర్దుకుంటామో ఇదీ అంతే. గుడ్డకి నిలువు పోగు, అడ్డ పోగు ఉన్నట్టే ప్లైవుడ్ పైపొరకీ చారలుంటాయి. మామూలు షీటుకి అవి ఎనిమిదడుగుల వైపు నడుస్తాయి. అరల పొడవు కూడా అటువైపే వచ్చేలా సర్దితే చూడ్డానికి బాగుంటుంది, బరువుకీ ఆగుతుంది.

కుట్టు మడతకి గుడ్డ వదిలినట్టే కోతకి చెక్క వదలాలి. బ్లేడు మందం సుమారు 3 మిల్లీమీటర్లు. ప్రతి కోతకీ అంత చెక్క పొట్టయిపోతుంది. నాలుగడుగుల షీటులో అడుగు వెడల్పు బద్దలు నాలుగొస్తాయనుకుంటే రావు. మూడు కోతలకి 9 మిల్లీమీటర్లు పోతుంది. అందుకని నేను వెడల్పు 300 మిల్లీమీటర్లని పెట్టుకున్నాను. అన్నట్టు, ఈ పనికి అడుగులూ అంగుళాలూ వదిలేసి మిల్లీమీటర్లు వాడండి. మూడు బై ఎనిమిది, అయిదు బై పదహారు అంటూ భిన్నాలతో కుస్తీ పట్టనక్కర్లేదు.

నా స్టాండు లెక్క ఇది. ఆరడుగుల ఎత్తు, అంటే 1,830 పొడవున్న పక్క పలకలు రెండు. 800 పొడవున్న అరలు ఆరు. అన్నీ 300 వెడల్పే. పుస్తకాలు బరువు గనక అర పొడవు 800 దాటించలేదు. దాటితే కొన్నాళ్ళకి మధ్యలో కుంగుతుంది. షీటు 2,440 పొడవు, 1,220 వెడల్పు. కాగితం మీద గీసి చూస్తే స్టాండు మొత్తం ఒకే షీటులో వచ్చింది. పైగా రెండడుగుల చదరం ముక్క ఒకటి మిగిలింది. మిగిలిందంటే మన ప్రాణానికి ఎంత హాయో చెప్పక్కర్లేదు కదా!

నేలమీద నాలుగు కోతలు

మా డాబా మీద రెండంగుళాల మందం ఉన్న థర్మాకోల్ షీట్లు పరుస్తాను. టీవీ, ఫ్రిజ్ పెట్టెల్లో వచ్చే ముక్కలు కాదు, షాపులో కొన్న పెద్ద బోర్డులు. వాటిమీద ప్లైవుడ్ పడుకోబెడితే మొత్తం పలకకి కింద ఆధారం ఉంటుంది. ఇక వేలాడేదీ లేదు, వాలేదీ లేదు. పలక మీదే మోకాళ్ళు ఆనించి కూర్చుని చేతి మిషను నడపవచ్చు. కోత పూర్తయ్యాక రెండు ముక్కలూ పెట్టినచోటే ఉంటాయి. బ్లేడు కింద థర్మాకోల్‌ని కొంచెం గీరుతుంది. గీరనివ్వండి. అదే థర్మాకోల్ చాలాసార్లు పనికొస్తుంది.

చేతి మిషను తిన్నగా నడవాలంటే దానికో దారి కావాలి. కంటి చూపుతో ఎనిమిదడుగులు తిన్నగా కోయడం ఎంత పాతకాపుకైనా కష్టం. ఆ దారిని మనమే చేసుకోవచ్చు. 6 ఎం.ఎం. ప్లైవుడ్‌లో అడుగు వెడల్పున పొడవాటి బద్ద ఒకటి తీసుకోవాలి. దానిమీద నిడివిగా, వంకర లేని అల్యూమినియం చదరపు పైపుని మరలతో బిగించాలి. పైపు రెండు కొసలూ బద్ద కంటే నాలుగంగుళాలు బయటికి ఉంటే ఇంకా మంచిది, మిషను ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ తడబడదు. ఇప్పుడు మిషను అడుగురేకుని పైపుకి ఆనించి ఆ చివరి నుంచి ఈ చివరికి ఒకసారి నడపండి. బద్దలో అదనంగా ఉన్నదంతా తెగిపోతుంది. మిగిలిన అంచు ఉంది చూశారూ, అది సరిగ్గా మీ బ్లేడు కోసే చోటు! ఇక జన్మలో ఆ మిషనుతో కొలతలు కూడి, తీసి లెక్కలు వేయనక్కర్లేదు. పలక మీద పెన్సిలు గీత గీసి, ఈ అంచుని గీత మీద పెట్టి, రెండు కొసలా క్లాంపులు బిగించి, మిషను నడపడమే. నాకు ఈ పని మొత్తంలో బాగా నచ్చిన వస్తువు ఇదే. మా తోడికోడలు దీన్ని చూసి "అక్కా, ఇది ఫాల్ కుట్టేటప్పుడు మనం పెట్టుకునే అట్టముక్క లాంటిదే కదా!" అంది. అదే మరి.

చేతి మిషను బ్లేడు పళ్ళు కిందినుంచి పైకి కోసుకుంటూ వస్తాయి. కాబట్టి పైపొర చీలికలు లేస్తుంది. అందుకని పలక మంచి ముఖం నేలవైపు ఉండాలి. బల్లరంపం మీదేమో పళ్ళు పైనుంచి కిందికి దిగుతాయి, కాబట్టి అక్కడ మంచి ముఖం పైకి. సన్‌మైకా అంటించిన పలకలైతే గీత వెంట కాగితపు టేపు అతికించి, పదునైన చాకుతో ముందు ఒక గాటు పెట్టుకుంటే ఇంకా శుభ్రంగా వస్తుంది. బ్లేడు లోతు పలక మందం కంటే ఒక పావు అంగుళం ఎక్కువ చాలు.

మొదటి కోత నిలువునా, సరిగ్గా మధ్యకి. 608 మిల్లీమీటర్ల వెడల్పున రెండు సగాలొస్తాయి. ఒక్కోటి 17 కిలోలు. మా తోడికోడలూ నేనూ చెరోవైపు పట్టుకుని పక్కకి జరిపేస్తాం. రెండో కోత ఒక సగానికి అడ్డంగా, 1,835 దగ్గర. అయిదు మిల్లీమీటర్లు కావాలనే ఎక్కువ ఉంచాను, తర్వాత చెక్కుకోవడానికి. మూడు, నాలుగు కోతలు రెండో సగానికి అడ్డంగా, మూడు సమానమైన ముక్కలు. ఒక్కోటి 811 పొడవు, 608 వెడల్పు, ఆరు కిలోల లోపు. బియ్యం సంచి కంటే తేలిక!

చేతి మిషను లేనివాళ్ళకి దిగులక్కర్లేదు. కోసిచ్చే మిషను ఉన్న ప్లైవుడ్ కొట్లున్నాయి. ఈ నాలుగు కోతలు అక్కడే చేయించుకుని తెచ్చుకోవచ్చు. ఆటోలో వస్తాయి, అపార్టుమెంటు లిఫ్టులో పడతాయి. అసలు కొలత కంటే నాలుగైదు మిల్లీమీటర్లు ఎక్కువ పెట్టి కోయించుకోండి, అంతే.

ఇప్పుడు బల్లరంపం

ఇక్కడ ఒక పిట్టకథ చెప్పాలని ఉంది. గుండ్రటి రంపానికి ఒక స్త్రీ పేరు చెబుతారు. అమెరికాలో షేకర్లనే మతశాఖ వాళ్ళుండేవారు. మసాచుసెట్స్‌లోని హార్వర్డ్ అనే ఊళ్ళో వాళ్ళ సమాజానికి చెందిన టాబితా బాబిట్ నూలు వడికే మనిషి. 1813 ప్రాంతంలో, ఇద్దరు మగవాళ్ళు పొడవాటి రంపాన్ని చెరోవైపు లాగుతుంటే చూసిందట. ముందుకి లాగినప్పుడే చెక్క తెగుతోంది, వెనక్కి లాగింది వృథా. ఆవిడ గుండ్రటి రేకుకి పళ్ళు కోసి, తన రాట్నానికి తగిలించి తిప్పి చూపించిందని షేకర్లు చెప్పుకునే కథ. అంతకుముందే, 1777లో, ఇంగ్లండులో శామ్యూల్ మిల్లర్ పేటెంటులో గుండ్రటి రంపం ప్రస్తావన ఉంది కాబట్టి మొదట కనిపెట్టింది ఆవిడేనంటే చరిత్రకారులు ఒప్పుకోరు. ఒప్పుకోకపోతే పోనీండి. రోజూ రాట్నం తిప్పే మనిషికి రంపాన్ని కూడా తిప్పవచ్చని తోచడంలో ఆశ్చర్యమేముంది?

సరే. ఫెన్స్‌ని 300 దగ్గర బిగించండి. మిషను మీదున్న స్కేలుని నమ్మకుండా, స్విచ్చి తీసేసి, బ్లేడు ముందుపన్ను దగ్గరా వెనకపన్ను దగ్గరా టేపుతో కొలవండి. రెండూ ఒకటే రావాలి. బ్లేడు బల్లకి నిలువుగా ఉందో లేదో మూలమట్టం పెట్టి చూడండి. ఇక ఎనిమిది ముక్కలూ అయ్యేదాకా ఫెన్స్‌ని కదపకూడదు. అప్పుడు అన్నీ ఒక్క అచ్చులో పోసినట్టు వస్తాయి.

కంపెనీ నుంచి వచ్చిన అంచుని ఫెన్స్‌కి ఆనించి మొదటి కోత. 300 ముక్క ఒకటి వచ్చింది. మిగిలినది 305. దాని కొత్త అంచుని ఫెన్స్‌కి ఆనించి మళ్ళీ తోస్తే, నేలమీద కోసిన అంచు అయిదు మిల్లీమీటర్ల మేర తెగిపోయి రెండో 300 ముక్క వస్తుంది. చిన్నవి మూడూ, పొడవుది ఒకటీ. మొత్తం ఎనిమిది కోతలు.

పొడవు పలకకి మాత్రం మిషను వెనక ఆధారం కావాలి. మిషను బల్ల కంటే రెండు మూడు మిల్లీమీటర్లు కిందికి ఉండే గట్టి బల్ల ఏదైనా సరే. ఇస్త్రీ టేబులు పెడదామనుకుంటారేమో, వద్దు. అది బరువుకి జరిగిపోతుంది. మనిషిని నిలబెడితే, ఆ మనిషి అరచేతులు కిందపెట్టి పలకని మోయాలే తప్ప లాగకూడదు, తిప్పకూడదు. తోసేవాళ్ళు ఒక్కరే ఉండాలి. ఇద్దరు నడిపితే పలక ఎవరి మాటా వినదు. మావారికి సాయం చెయ్యాలని ఉత్సాహం ఎక్కువ. "మీరు మొయ్యండి చాలు, లాగకండి" అని మూడుసార్లు చెప్పాను. నాలుగోసారి మామయ్యగారు చెబితే విన్నారు.

నిలబడేది బ్లేడుకి ఎదురుగా కాదు, కొంచెం ఎడంపక్కకి. చూపు బ్లేడు మీద ఉండకూడదు. ఫెన్స్‌కీ పలకకీ మధ్య సందు పడుతోందా అన్నదే చూడాలి. బ్లేడు దాని పని అది చేసుకుంటుంది. మధ్యలో ఏదైనా తేడా అనిపిస్తే పలకని వెనక్కి లాగకండి. కదలకుండా పట్టుకుని, మోకాలితోనో చేత్తోనో స్విచ్చి ఆపి, బ్లేడు పూర్తిగా నిలిచేదాకా ఉండండి. చివరి జానెడు దూరం చేత్తో కాదు, తోపుడు కర్రతో తోయాలి. తెగిన ముక్కని తీయడానికి బ్లేడు మీదుగా చెయ్యి చాపడం ఎప్పుడూ లేదు.

ముక్కల పొడవులు సరిచేయడానికి మళ్ళీ చేతి మిషనే. 300 వెడల్పు ఉన్న ముక్క కురచ అంచుని ఫెన్స్‌కి ఆనించి, 800 పొడవుని బ్లేడుకి అడ్డంగా తోద్దామని చాలామందికి అనిపిస్తుంది. అసలు అంత దూరం చిన్న మిషను ఫెన్స్ జరగదు. జరిగినా, ఆనేది కురచ అంచు, వేలాడేది పొడవు. అది తిరక్కుండా ఉండదు. అందుకని పక్క పలకలు రెండూ ఒకదానిమీద ఒకటి పేర్చి, క్లాంపులతో బిగించి, దారిబద్ద పెట్టి ఒకేసారి కోశాను. రెండూ వెంట్రుక తేడా లేకుండా వచ్చాయి. అరలనీ జతలు జతలుగా కోసి, మొదటి జతనే మిగతావాటికి కొలతగా పెట్టుకున్నాను. పొడవులు చేతి మిషనుతో, వెడల్పులు బల్లరంపం మీద. మా షెడ్డులో రూలు ఇదొక్కటే.

కట్టూబొట్టూ సంగతి కూడా చెప్పాలి. చీరతో వద్దు. చుడీదార్ అయితే చున్నీ తీసేసి రండి. జడని ముడివేసి క్లిప్పు పెట్టండి. గాజులు తీసెయ్యాలి, నల్లపూసలు లోపలికి దోపుకోవాలి. చేతి తొడుగులు వేసుకుంటే మంచిదేమో అనిపిస్తుంది గానీ, తిరిగే బ్లేడు దగ్గర తొడుగు దారం చిక్కుకుంటే చేతినే లాగేస్తుంది. వట్టి చేతులే మేలు. కళ్ళకి అద్దాలు, చెవుల్లో దూది కాదు, ఇయర్‌ప్లగ్గులు. ముక్కుకి ఎన్95 మాస్కు తప్పనిసరి. చెక్కపొట్టు దుమ్ముని క్యాన్సర్ కలిగించే పదార్థాల్లో చేర్చింది ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుబంధ సంస్థే, 1995లో. ప్లైవుడ్, ఎం.డి.ఎఫ్. పొట్టులో జిగురు రసాయనాలు కూడా ఉంటాయి. కాబట్టి పని అయ్యాక చీపురుతో ఊడ్చి దుమ్ము లేపకుండా, తడిగుడ్డతో తుడవడం మంచిది. మిషను ప్లగ్గు మాత్రం గీజరుకి వాడే 16 ఆంపియర్ల సాకెట్‌లోనే పెట్టండి. సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు కాసేపటికే వేడెక్కుతుంది.

కోతలన్నీ కలిపి ఒక ఉదయం పట్టింది. గరుకు కాగితం రుద్దడం, అంచులకి టేకు బద్దలు అంటించడం, మరలు బిగించడం మరో రెండు రోజులు. వాటి గురించి చెప్పడానికి పెద్దగా లేదు, ఎవరైనా చేసేవే. స్టాండు ఇప్పుడు ముందుగదిలో గోడకి రెండు ఎల్ క్లాంపులతో బిగించి ఉంది. ఆరడుగుల ఎత్తు కదా, పిల్లలు ఎక్కితే ముందుకి పడకుండా అది తప్పదు.

మిగిలిన రెండడుగుల చదరం ముక్క మీద మా తోడికోడలు కన్నేసింది. "అక్కా, దాంతో మా వంటింట్లో సీసాలకి రెండు అరలొస్తాయేమో" అని అప్పుడే కాగితం తెచ్చి గీతలు గీస్తోంది. కోతకి మూడు మిల్లీమీటర్లు వదిలిందో లేదో చూడాలి.